పదకొండు గోతులు, ఒక మొలతాడు

తంతి శాఖలో నేను ముప్పై ఏళ్ళ పైచిలుకు పనిచేశాను. వరదలు చూశాను, గాలివానలు చూశాను, స్తంభాలన్నీ ఒరిగిపోతే పడవలో కూర్చుని మూడు రోజులు వార్తలు పంపాను. ఇవేవీ ఎవరికీ అక్కర్లేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ళు ఎవరైనా మా ఇంటికి వస్తే కాసేపు అదీ ఇదీ మాట్లాడి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, చివరికి అడిగేది ఒక్కటే. "మాస్టారూ, ఆ మొలతాడు సంగతి నిజమేనాండి?"

నిజమే నాయనలారా. నా వెనకాల మీరు నన్ను మొలతాడు మాస్టారు అంటారని కూడా నాకు తెలుసు. ఇన్నేళ్ళు టకటకలు వింటూ బతికినవాడి చెవులు అంత తొందరగా పోవు. కాకపోతే మీకు చేరింది సగం కథే. ఆ సగంలో నేను చేసింది వెధవపనే, అందులో వాదన లేదు. మిగతా సగం ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణమైన ఇల్లు ఇప్పుడు లేదు. ఆ ఇంటావిడ లేదు. చివరికి ఆ ఇల్లు నిలబడిన నేల కూడా లేదు. అందుకని చెబుతున్నాను.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. రాజమండ్రి తంతి ఆఫీసులో యాక్టింగు సిగ్నలరుని. యాక్టింగు అంటే చాకిరీ అంతా ఖాయం ఉద్యోగిదే, కుర్చీ మాత్రం ఎప్పుడు లాగేస్తారో తెలియదు. నాకున్న ఆస్తల్లా నా చెవులు. పక్కన ఇద్దరు పోట్లాడుకుంటున్నా, బయట మేళం వెళుతున్నా, వార్తలో ఒక్క అక్షరం పోనిచ్చేవాణ్ణి కాదు. ఈ సంగతి ఎవరు చేరేశారో గానీ కాలవల ఇంజనీరు దొర చెవిన పడింది.

ఆ దొరకి పాత నాణాల పిచ్చి. కాలవ తవ్వకాల్లో చిల్లుకాసు బయటపడినా సరే కూలీ చేతిలోంచి తీసుకుని, జేబురుమాలుతో తుడిచి, భూతద్దం పెట్టి చూసేవాడు. రాజమండ్రికి దిగువన, పడవలో సగం పూట ప్రయాణంలో, గోదావరి గట్టున ఒక ఊరుంది. ఊరి పక్కన పాటి దిబ్బ, అంటే ఎప్పటిదో పాత ఊరు మట్టిలో కలిసిపోయిన మెట్ట. ఎప్పుడో ఆ దిబ్బ మీద ఎవరి నాగలికో పంది బొమ్మ ముద్రించిన బంగారు కాసు ఒకటి దొరికిందని, తర్వాత అది ఏమైందో ఎవరికీ తెలియదని ఒక మాట ఉండేది. దొర ఆ మాట పట్టుకున్నాడు. ఒకటి ఉన్నచోట బిందెడు ఉండాలని ఆయన లెక్క. కలెక్టరు గారి దగ్గర అనుమతి కూడా తెచ్చుకున్నాడు.

దిబ్బంతా తవ్వడానికి ఏళ్ళు పడుతుంది. అందుకని ఇంగ్లండు సీమ నుంచి వచ్చే పత్రికలో చూసి ఒక యంత్రం తయారుచేశాడు. అది ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెప్పేస్తాను, తర్వాత అవసరం పడుతుంది. ఒక చెక్క మీద రెండు రాగి తీగచుట్టలు. ఒకటి కదలదు, రెండోది దాని మీద జరుగుతుంది. మొదటిదాంట్లోకి బ్యాటరీ నుంచి కరెంటు తెగుతూ కలుస్తూ వెళ్తుంది. రెండోదానికి పొడుగాటి తీగ, ఆ తీగ కొసన చెవికి పెట్టుకునే డబ్బీ. మామూలుగా డబ్బీలో గుయ్యిమని మోత. రెండో చుట్టను వెంట్రుకవాసి చొప్పున జరుపుకుంటూ పోతే ఒకచోట ఆ మోత టక్కున ఆగిపోతుంది. అదే యంత్రాన్ని సర్దడమంటే. ఇక ఆ నిశ్శబ్దం చెడకుండా నేల మీదుగా తీసుకెళ్ళాలి. కింద లోహం ఉంటే మళ్ళీ మోత మొదలవుతుంది.

ఆ మోత వినడానికి దొరకి చెవుల్లేవు. పులుల వేటలో తుపాకీ మోతలకు రెండూ సగం పోయాయి. అందుకే నన్ను మా ఆఫీసు నుంచి పదిహేను రోజులకు అరువు తీసుకున్నాడు. "బిందె దొరికినచో నీ ఉద్యోగము ఖాయమగునట్లు వ్రాసెదను" అన్నాడు. దొర తెలుగు పరీక్ష ప్యాసయినవాడు. పుస్తకాల్లో నేర్చిన తెలుగు తప్ప వేరే తెలుగు ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అభ్యాసం పోతుందని మాతో ఇంగ్లీషు మాట్లాడేవాడు కాదు.

నాతోపాటు మా లైను మేస్త్రీని కూడా పంపారు. నాకంటే రెట్టింపు వయసు. లూథరన్ చర్చిలో పెద్ద. స్తంభం ఎక్కినా, దిగినా, పిడుగు పక్కనే పడినా ఆయన మొహం మారదు. ఏం చెప్పినా "ఆయ్, అలాగేనండి" అంటాడు. ఆ మాటలో ఒప్పుకోలు ఎంతో, వెటకారం ఎంతో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

మొదటి యంత్రం చుట్ట అరచేయంత. అది నాలుగు వేళ్ళ లోతున ఉన్న మేకును పట్టింది, అంతకు మించి కిందికి దిగలేదు. పాతకాలం బిందె నాలుగు వేళ్ళ లోతున ఉంటుందా? దొర రెండు రాత్రులు లెక్కలు వేసి చేటంత చుట్టలు చుట్టించాడు, బ్యాటరీలు రెట్టింపు చేశాడు. ఇప్పుడు మోకాటి లోతున పాతిన రాగి చెంబును పట్టింది. చుట్ట పెద్దదయ్యేకొద్దీ లోతు పెరిగింది గానీ, దాంతోపాటు దాని పెంకెతనం కూడా పెరిగింది. దగ్గర్లో ఏ లోహం ఉన్నా గోల పెట్టేది. తాళంచెవులు, పొడుం డబ్బీలు, ఉంగరాలు, మట్టెలు, గునపాలు అన్నీ ఇరవై గజాల అవతల పెట్టించాం.

దొర దగ్గరికి వచ్చినప్పుడల్లా మోత వస్తుంటే కారణం ఏంటా అని చూశాం. బూట్ల కింద మేకులు. పాపం ఆయన బూట్లు విప్పి ఉత్తికాళ్ళతో నిలబడ్డాడు. దొర కాళ్ళు తెల్లగా ఉంటాయా లేదా అని అంతవరకు ఆ చుట్టుపక్కల ఎవరికీ నిర్ధారణగా తెలియదు. రెండో రోజుకు నాలుగూళ్ళ జనం వచ్చారు.

ఊరి కరణం గారికి వెండి మొలతాడు. తీయమన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏంటయ్యా నువ్వనేది? మొలతాడు తీసేది ఎప్పుడో తెలిసే అంటున్నావా?" అన్నాడు. మీకూ తెలుసు కదా, మగవాడి మొలతాడు తెంపేది పాడె ఎక్కాకే. సరే అని ఆయన్ని ఇరవై గజాల అవతల మంచం వేసి కూర్చోబెట్టాను. కూలీలవి నూలు మొలతాళ్ళు, వాటితో చిక్కులేదు. మేస్త్రీదీ నూలుదే.

నాదీ వెండిదే. చిన్నప్పుడు మశూచి వచ్చి బతికి బయటపడ్డాక మా అమ్మ మొక్కు తీర్చి కట్టింది. వయసుతోపాటు కొక్కేలు మార్చుకుంటూ వచ్చాం గానీ, ఏనాడూ ఒంటి మీద నుంచి తీసింది లేదు. అది ఉందన్న స్పృహే నాకు ఉండేది కాదు. పైగా యంత్రం నా చేతిలో ఉండదు. వెదురుబొంగుకు వేలాడదీసి ముందు మేస్త్రీ, వెనక ఒక కూలీ భుజాన మోసేవారు. నేను పది మూరల తీగ పట్టుకుని చెవికి డబ్బీ ఆనించుకుని వెనక నడిచేవాణ్ణి. కాబట్టి నా మొలతాడు సంగతి నాకూ తట్టలేదు, మరొకరికీ తట్టలేదు.

ఇక సర్దడం. దొర పుస్తకంలో, యంత్రాన్ని నేలకు ఎడంగా, చుట్టూ లోహం లేనిచోట పెట్టి సర్దాలని ఉంది. బొంగు మీద మోయిస్తూ సర్దితే ఊగుతోంది. బండి మీద పెడదామంటే చక్రాలకు ఇనప పట్టాలు. బల్ల మీద పెడదామంటే మేకులు. కరణం గారి మంచానికీ కోళ్ళ దగ్గర ఇనప సీలలు. అప్పుడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని యంత్రాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను. ఊగదు, మేకుల్లేవు, నేలకు ఎడం. రోజూ పొద్దున్నే అలా ఒళ్ళో పెట్టుకుని, చెవికి డబ్బీ ఆనించి, చుట్ట జరిపి నిశ్శబ్దం తెచ్చేవాణ్ణి. దొర నా భుజం తట్టి "మిగుల బుద్ధిమంతుడవు" అన్నాడు. ఆ మాట నన్ను చాలా కాలం వెంటాడింది.

సర్ది, బొంగుకు వేలాడదీసి, దిబ్బ మీదికి వెళ్ళామో లేదో, మోత. నాలుగడుగులు వేస్తే మళ్ళీ మోత. ఎక్కడ చూసినా మోతే. దొర మొహం వెలిగిపోయింది. తవ్వించాడు.

తమాషా ఏంటంటే, వందల ఏళ్ళుగా మనుషులు బతికిన నేలలో ఎక్కడ తవ్వినా ఏదో ఒకటి దొరుకుతుంది. మొదటి గోతిలో ఎద్దు నాడా. రెండోదాంట్లో విరిగిన కొడవలి. మూడోదాంట్లో ఇనప అట్లకాడ. దాన్ని చూడగానే జనంలోంచి ఒక ముసలావిడ తోసుకుని వచ్చి లాక్కుంది. "ఇది నాదే. పోయి ఆరేళ్ళయింది. పక్కింటిది తీసిందని దాంతో మాట్లాడ్డం మానేశాను" అంది. అక్కణ్ణుంచి సరాసరి పక్కింటికి వెళ్ళి వాళ్ళతో రాజీపడి, మాకందరికీ బానెడు మజ్జిగ చేసి తెచ్చింది. యంత్రం పుణ్యాన ఊరికి జరిగిన మేలు ఏదైనా ఉంటే అదొక్కటే.

నాలుగో గోతిలో ఏమీ దొరకలేదు. దొర నిరుత్సాహపడలేదు. "ధనము ఇంకను లోతుగా నున్నది" అన్నాడు. ఇంకా తవ్వితే నీళ్ళు పడ్డాయి. గోదావరి పక్కన నిలువెత్తు తవ్వితే నీళ్ళు కాక ఏం పడతాయి? కరణం గారి బావమరిది ఆ గోతి పక్కన నారుమడి పోసుకున్నాడు.

ఆరో గోతిలో వంకర తిరిగిన ఇనప కమ్మీ దొరికింది. దొర దాన్ని రెండు చేతులా ఎత్తి, "ఇది ధనపు పెట్టె కట్టు" అన్నాడు. అది నూతి బొక్కెన కమ్మీ అని అక్కడున్న చంటిపిల్లలకు కూడా తెలుసు. కానీ మా వైపు పెద్దవాళ్ళు ఏదైనా అంటే కాదనే అలవాటు లేదు. జనమంతా ఒక్క గొంతుతో "ఆయ్" అన్నారు. దొర వెంటనే చెన్నపట్నంలో ఉన్న తన పైదొరకు వార్త పంపమన్నాడు. మేస్త్రీ కాలవగట్టు స్తంభం ఎక్కి తీగ తగిలించాడు, నేను పంపాను. ధనపు పెట్టె కట్టు దొరికినది, ధనము సమీపమున నున్నది అని. కిందికి దిగాక మేస్త్రీ చేతులు దులుపుకుంటూ, "బొక్కెన కూడా దగ్గర్లోనే ఉండొచ్చండి" అన్నాడు.

అలా పదకొండు గోతులయ్యాయి. అప్పుడు దొరకి ఒక సంగతి తట్టింది. దిబ్బలో అన్నిటికంటే ఎత్తయిన చోట ఇంకా వెతకలేదు. అక్కడ ఒక తాటాకిల్లు ఉంది. ఆ ఇల్లు అట్లకాడ ముసలావిడది. కొడుకూ కోడలూ పొద్దున్నే పొలానికి పోతే ఇంటి దగ్గర ఆవిడే ఉంటుంది.

ఇంట్లో చెంబులూ గిన్నెలూ అన్నీ దూరంగా పెట్టించి యంత్రం లోపలికి తీసుకెళ్ళాం. వసారాలో మోత. వంటింట్లో మోత. దొడ్డిగుమ్మం దగ్గర మోత. దొర పొంగిపోయి, "ఓ వృద్ధురాలా, భయపడవలదు. రేపు ఉదయమున నీ గృహమును త్రవ్వించి, పిమ్మట నూతన గృహమును కట్టించి యిచ్చెదము" అన్నాడు.

ఆవిడ నావైపు తిరిగి "ఏమంటున్నాడు నాయనా ఈయన?" అంది. చెప్పాను. అంతవరకు మజ్జిగ పోస్తూ నవ్వుతూ ఉన్న మనిషి, ముంత కింద పెట్టి, వెళ్ళి దొడ్డిగుమ్మం గడప మీద కూర్చుంది.

"వసారా తవ్వుకోండి. వంటిల్లు తవ్వుకోండి. కట్టిస్తానంటే కట్టించండి, కట్టించకపోతే మానెయ్యండి. ఈ గడప జోలికి మాత్రం రావద్దు" అంది.

మర్నాడు పొద్దున్న వెళ్ళేసరికి కూడా గడప మీదే ఉంది. రాత్రి అక్కడే పడుకుందని కొడుకు చెప్పాడు. వాడు బతిమాలాడు, కరణం గారు వచ్చి సర్కారు పని కాదంటే నేరమవుతుందని చెప్పాడు. ఆవిడ వినిపించుకోలేదు. కూలీలు గునపాలు పట్టుకుని దూరంగా నిలబడ్డారు. దొర గడియారం చూసుకుని, నన్ను మరొకసారి యంత్రం సర్ది ఏ చోట మొదలుపెట్టాలో తేల్చమన్నాడు. తేలాక ఆవిడను ఎత్తి పక్కన కూర్చోబెట్టమని కరణం గారితో అన్నాడు. ఆ వయసు మనిషిని నలుగురు పట్టుకుని ఎత్తడం నేను చూడలేను. అలాగని ఎదురు చెప్పే ధైర్యం లేదు. నాది యాక్టింగు ఉద్యోగం.

దొడ్లోనే పీట వేసుకుని కూర్చుని యంత్రాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను. మోత ఆగింది. మేస్త్రీ వచ్చి తీసుకున్నాడు, మళ్ళీ మొదలైంది. నిన్న సరిగ్గా సర్దలేదేమోనని మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాను. ఆగింది. తీశాడు, మొదలైంది. డబ్బీని పీట పక్కన పెడితే ఆ గుయ్యిమనే శబ్దం రెండు బారల దూరానికి సన్నగా వినపడేది. ఆవిడ గడప మీద నుంచి ఇదంతా చూస్తోంది.

"ఏం నాయనా, అది అచ్చం చంటిపిల్లాడిలా చేస్తోందే. ఒళ్ళో ఉన్నంతసేపు ఊరుకుంటోంది, దింపితే ఏడుస్తోంది" అంది.

నేను చేస్తున్న పని ఆపేశాను. ఒళ్ళో ఉంటే ఎందుకు ఊరుకుంటోంది? నా ఒళ్ళో ఏముంది? చెయ్యి దానంతట అదే నడుం దగ్గరికి పోయింది. పంచె కింద చల్లగా, గుండ్రంగా, మా అమ్మ మొక్కు తగిలింది.

ఇన్నాళ్ళూ నేను చేసిందేంటో అప్పుడు తెలిసింది. వెండి మొలతాడును పొట్టకు చుట్టుకుని, దాని పక్కన యంత్రాన్ని పెట్టి, ఆ మొలతాడు మోతతో సహా సద్దుమణిగేలా సర్దుతున్నాను. ఒళ్ళోంచి తీయగానే మొలతాడు దూరమైంది కాబట్టి ఆ తేడాకు మోత. దిబ్బంతటా యంత్రం ఏడ్చింది నేలలో బంగారం ఉందని కాదు, పక్కన నా నడుం లేదని. పదకొండు గోతులు, ఒక నారుమడి, చెన్నపట్నానికి ఒక తంతి వార్త, అన్నీ నా మొలతాడు చలవే.

మేస్త్రీని గడ్డిమేటు వెనక్కి తీసుకెళ్ళి సంగతి చెప్పాను. మొలతాడు కొక్కెం విప్పి ఆయన చేతిలో పెట్టాను. అమ్మ గుర్తొచ్చింది. మేస్త్రీ మొహం మామూలుగానే ఉంది. తన నడుముకున్న నూలు మొలతాడు పోగుల్లోంచి ఒక పేట లాగి, పంటితో కొరికి నాకిచ్చాడు. "ముందు ఇది కట్టుకోండి బాబుగారండి. ఉత్తి నడుంతో దొర ముందుకు వెళ్తే మీకు మాట పెగలదు" అన్నాడు. అంత మంచిమాట మా శాఖలో నాకు మరొకరు చెప్పలేదు.

మొలతాడు ఆయన దగ్గరే ఉంచితే మళ్ళీ గోల కాబట్టి గడ్డిమేట్లో గుచ్చి పెట్టాం. తిరిగి వచ్చి యంత్రాన్ని మళ్ళీ సర్దాను. ఈసారి మేస్త్రీ ఎత్తుకున్నాక కూడా ఊరుకుంది. వసారాలోకి వెళ్ళాం. చప్పుడు లేదు. వంటింట్లో పొయ్యి మీదుగా, గాదె పక్కగా తిప్పాం. చప్పుడు లేదు. నా గుండె తేలికపడింది. దొడ్డిగుమ్మం దగ్గరికి వచ్చాం. ఆవిడ లేవలేదు. మేస్త్రీ వంగి యంత్రాన్ని ఆవిడ మోకాళ్ళ పక్కన, గడప మీదుగా నెమ్మదిగా దింపాడు.

మోత వచ్చింది.

అంతకు ముందు దిబ్బ మీద విన్న గోల కాదిది. సన్నగా, శుభ్రంగా, ఒక్కచోట నుంచి వస్తున్న శబ్దం. యంత్రాన్ని జానెడు అటు జరిపితే పోయింది, ఇటు తెస్తే వచ్చింది. ఆవిడ ఒంటి మీద గాజుల్లేవు, మట్టెల్లేవు, మెడలో పూసయినా లేదు. మొగుడు పోయిన రోజే అన్నీ పోయాయి. కాబట్టి ఇది కిందనుంచే వస్తోంది. నేను తలెత్తి ఆవిడ మొహం చూశాను. ఆవిడ నా మొహమే చూస్తోంది.

ఆ డబ్బీ నా చెవికి ఆనించి ఉంది, మోత నాకు తప్ప ఎవరికీ వినపడదు. ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి.

"ఏమి వినబడుచున్నది?" అన్నాడు దొర.

"ఏమీ లేదండి" అన్నాను.

"గడప వద్దను?"

"గడప దగ్గరా ఏమీ లేదండి. ఇంట్లో ఎక్కడా ఏమీ లేదు."

నిన్న ఇల్లంతా ఏడ్చిన యంత్రం ఇవాళ ఎందుకు నోరు మూసుకుందని దొర అడిగాడు. అడుగుతాడని తెలుసు. గడ్డిమేట్లోంచి మొలతాడు తీసి తెచ్చి ఆయన ముందు పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఒక అబద్ధాన్ని దాచడానికి అంత పెద్ద నిజం చెప్పినవాణ్ణి నేనే అనుకుంటాను.

దొర నమ్మలేదు. మొలతాడు యంత్రం దగ్గర పెట్టించాడు, తీయించాడు, మళ్ళీ పెట్టించాడు. డబ్బీ తన చెవికి గట్టిగా అదుముకుని విన్నాడు. మొలతాడు అంత దగ్గరుంటే ఆ సగం చెవికి కూడా వినపడింది. తర్వాత ఉత్తికాళ్ళతో వెళ్ళి దిబ్బ అంచున నిలబడి గోతులన్నీ లెక్కపెట్టుకున్నాడు.

"పదునొకండు గోతులు" అన్నాడు. నావైపు తిరిగి, "యంత్రము సత్యమునే పలికినది. అసత్యము పలికినది నీ నడుము" అన్నాడు.

జనం "ఆయ్" అన్నారు.

ఆ తర్వాత రెండు రోజులు మిగతా దిబ్బంతా సరిగ్గా సర్దిన యంత్రంతో గాలించాం. మూడు మేకులు, ఒక గుర్రపు నాడా దొరికాయి. ఇంటి జోలికి మళ్ళీ వెళ్ళలేదు. చెన్నపట్నానికి రెండో వార్త పంపాల్సి వచ్చింది. దొర చెప్పాడు, నేను పంపాను. మునుపటి వార్తలో ధనము అని ఉన్నచోట సిగ్నలరు మొలతాడు అని చదువుకొనవలెను. నా చేత్తో నేనే కొట్టాను, ఒక్క అక్షరం పోనివ్వలేదు. దారిలో ఉన్న ఆఫీసులన్నీ విన్నాయి. నేను రాజమండ్రి చేరేలోపే నా పేరు మారిపోయింది.

ఇంతవరకూ మీకు తెలిసిందే. గడప సంగతి తెలియదు.

సామాను పడవలోకి ఎక్కిస్తుంటే ఆవిడ నన్ను దొడ్లోకి పిలిచింది. మజ్జిగ ఇచ్చింది. నేను తాగేదాకా ఆగి, "నీకు వినపడింది" అంది. అడగలేదు, చెప్పింది. నేను తలూపాను.

"నా మూడోవాడు. పదకొండో నెల. జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయాడు. గడప కింద పూడిస్తే మళ్ళీ నా కడుపునే పుడతాడని మా అత్తగారు అంది. మా ఆయనకి దున్నుతుంటే చాల్లో దొరికిన కాసు ఉండేది, పంది బొమ్మది. దానికి చిల్లు పొడిచి వాడి వెండి మొలతాడుకు కట్టాను, దిష్టి తగలకుండా. తీసేయమన్నారు అందరూ. బంగారం మట్టిలో కలపడమేంటన్నారు. నేను తియ్యలేదు" అంది.

నాలుగూళ్ళ జనాన్ని పోగేసి, దొర బూట్లు విప్పించి, పదకొండు గోతులు తవ్వించి మేం వెతికిన కాసు అదే. ఆ దిబ్బ మొత్తానికి ఉన్నది అదొక్కటే.

ఆవిడ ఖాళీ చెంబు అందుకుంటూ అడిగింది. "ఎలా వినపడింది నాయనా? ఏడుస్తున్నట్టా?"

నాకు ఏడుపొచ్చింది. ఆపుకుని, "కాదండి మామ్మగారూ. నిద్రలో పిల్లలు కూనిరాగం తీస్తారు చూడండి, అలా ఉంది" అన్నాను.

ఆవిడ తలూపింది. "ఆ. వాడికి ఆ అలవాటుండేది" అంది.

పడవలో మేస్త్రీ నా ఎదురుగా కూర్చున్నాడు. పడవ ధవళేశ్వరం దాటింది. తర్వాత నీళ్ళవైపు చూస్తూ, "గడప దగ్గర మీకు చెమటలు పట్టాయండి" అన్నాడు. "ఎండ" అన్నాను. "ఆయ్" అన్నాడు.

ఉద్యోగం ఖాయం కాలేదు. నెల తిరక్కుండా పోలవరం వేశారు. అక్కడ నాకు దొరికినవి కొండగాలి, చలిజ్వరం, మరో మూడేళ్ళ యాక్టింగు. మొలతాడు మళ్ళీ కట్టుకున్నాను, ఇప్పటికీ ఉంది. మా అమ్మకు మాత్రం అది కాసేపు తీశానని చివరిదాకా చెప్పలేదు. నన్ను చూసి నవ్విన ప్రతివాడితోపాటు నేనూ నవ్వాను. ఆ రెండో సగం చెబితే గౌరవం కాస్త పెరిగేదేమో. కానీ మర్నాడే మరో దొర మరో యంత్రం పట్టుకుని ఆ గడప దగ్గరికి వెళ్ళేవాడు. ఆవిడ ఇంకా పదేళ్ళు ఆ గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంది. ఆవిడ పోయాక రెండు వరదలకు గోదావరి ఆ గట్టునూ దిబ్బనూ కోసుకుపోయింది.

మొన్న రైల్లో వంతెన దాటుతుంటే, మీకు తెలిసిందే, పెట్టెలో అందరూ లేచి కిటికీల దగ్గర చేరారు. దణ్ణాలు పెట్టి కాసులు విసురుతున్నారు. నేను కదలకుండా కూర్చుని కిందికి, దిగువకు చూస్తున్నాను. పక్కన కూర్చున్న రైతు పెద్దాయన నన్ను కాస్త వింతగా చూశాడు.

"మీరు గోదారమ్మకి కాసు వెయ్యరాండి?" అన్నాడు.

"మాది ఒకటి ఇప్పటికే ఉందండి అందులో" అన్నాను.